మూడో హోలు

రండి, ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద ఇంకా చోటుంది. చేతిలో ఫోనుంటే బోర్లా పెట్టండి. నేను కోపంగా ఉన్నాను. కోపం వస్తే నా గొంతు పెరగదు, తగ్గుతుంది. దూరంగా కూర్చుంటే సగమే వినపడుతుంది. ఈ సంగతిని ఇదివరకు ఊరు ఊరంతా సగమే విన్నది. దాంతోనే ఒక మనిషి బతుకు దెబ్బతిన్నది.

పోయిన నెలలో స్టేషన్ ఘన్‌పూర్ పోయాను, స్పేర్ పార్టుల దుకాణానికి. మా ట్రాలీ, సరుకులు తోలే చిన్న బండి, దాని వెనక తలుపు గొళ్లెం ఊడితే నాలుగు బోల్టులు తెమ్మని మా ఆయన పంపాడు. దుకాణం అతను బోల్టులు పొట్లం కడుతూ మాట కలిపాడు.

"అక్కా, నీకెరికేనా? ఆ చెయ్యి వణికే మేస్త్రి పోయిండట. మొన్న, భూపాలపల్లిల."

"ఏ మేస్త్రి?" అన్నాను, తెలిసి కూడా.

"గదే, మీ ట్రాలీకి బ్రాకెట్ చేసి మీ మరిది చెయ్యి ఇరగ్గొట్టిండు సూడు, గాయిన."

అని నవ్వాడు. చావు కబురు చెప్తూ పళ్లు బయటపెట్టాడు. అతని మీద కోపం వచ్చింది. అంతకు రెండింతలు నా మీద వచ్చింది. పొట్లం తీసుకుని, నోరు మూసుకుని, బస్సెక్కి ఇంటికొచ్చాను. ఏడేళ్లుగా నేను చేస్తున్న పనే అది, నోరు మూసుకోవడం.

ఆయన చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఎదురుగా కూర్చుని చూసినదాన్ని నేను. ఆ రోజు ట్రాలీ ఆగిపోయింది ఆయన పని చెడి కాదు. నేను చేసిన పనికి ఆగింది. ఎట్లాగో చెప్తాను. ముందు మనిషిని చూడండి.

ఆయన షెడ్డు ఘన్‌పూర్‌లోనే వరంగల్ రోడ్డు పక్కన ఉండేది. నాలుగు రేకులు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఇనుమును బిగించే వైసు ఒకటి, గ్యాసు సిలిండర్లు రెండు. రేకు మీద తెల్ల రంగుతో 'వెల్డింగ్' అని ఒక్క మాట, అదీ సగం చెరిగిపోయి. పేరు రాయించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, "పని సూసి రాండ్రి, రేకు సూసి రాకుండ్రి" అనేవాడు. అందుకే నేను కూడా ఇక్కడ ఆయన పేరు చెప్పడం లేదు. మేస్త్రి అంటే చాలు, ఆ రోడ్డు మీద అందరికీ తెలిసేది.

ఎడమ చెవి వినపడదు ఆయనకు. వయసులో ఉన్నప్పుడు భూపాలపల్లిలో బొగ్గు గనుల పక్కన ఏదో వర్క్‌షాపులో కాంట్రాక్టు పని చేశాడట, ఆ మిషన్ల చప్పుడుకు పోయింది. బేరమాడే వాళ్లని కావాలనే ఎడమ పక్క నిలబెట్టేవాడని అందరూ చెప్పుకునేవాళ్లు. బండి వస్తే చెవితో వినడు. స్టార్టు చేయించి, అరచెయ్యి ఇంజిను మీద పెట్టి, కళ్లు మూసుకుని నిలబడతాడు. అప్పుడు ఎవరైనా మాట్లాడితే వాళ్ల పని అయిపోయినట్టే. ఆ పూట వాళ్ల బండి ముట్టడు.

పెళ్లిళ్లకు పోయేవాడు కాదు, కానీ పత్రిక మాత్రం అడిగి తీసుకునేవాడు. మొదట్లో జనం మురిసిపోయేవాళ్లు, మేస్త్రికి మనమంటే ఎంత గౌరవమో అని. తర్వాత తెలిసింది, ఆ దళసరి కాగితం నమూనాలు కత్తిరించడానికి బాగుంటుందట. ఒకసారి ఒక పెళ్లికూతురి తండ్రి షెడ్డుకు వచ్చి చూస్తే, తన బిడ్డ పేరు నడిమధ్యకు రెండు ముక్కలై బల్ల మీద పడి ఉన్నది.

"నా బిడ్డ పేరును గట్ల కోస్తవా? మనిషివేనా నువ్వు?" అని మీదికి పోయాడు.

మేస్త్రి కత్తెర ఆపలేదు. "పెండ్లయిందా?"

"అయింది."

"బిడ్డ మంచిగున్నదా?"

"ఉన్నది."

"అయితే ఇగ కాయితం ఎందుకు నీకు? దాంతోని నీ ట్రాక్టర్ పట్టీనే చేస్తున్న. కూసో."

ఆయన తిట్టకుండా చేసిన పని ఒక్కటి కూడా లేదు. ఇనుమును తిడతాడు, డ్రిల్లు బిట్టును తిడతాడు, ఆ బండి తయారు చేసినవాళ్లను ఎక్కడున్నారో తెలియకపోయినా తిడతాడు. వైసులో పని ఉన్నంతసేపు అన్నం ముట్టడు. 'నడుస్తది' అన్న మాట మాత్రం ఆయన ముందు ఎవరూ అనకూడదు. ఒక రైతు నాగలి ముక్క అతికించడానికి వచ్చి, చేను ఆగదన్న తొందరలో, "జర అటిటు ఉన్నా నడుస్తది తియ్యే మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి వైసు విప్పి, ఆ ముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. "నడుస్తదా? మంచిది. నడిపిచ్చుకో. నా దగ్గరికి ఎందుకొచ్చినవ్?" ఆ రైతు రెండు గంటలు బయట నిలబడితే గానీ మళ్లీ లోపలికి రానివ్వలేదు.

ఇదీ మనిషి. ఇప్పుడు మా ట్రాలీ సంగతి.

మా ట్రాలీలో సీటు లేపితే కింద ఇంజిను ఉంటుంది. ఇంజిను ముందు భాగంలో తిరిగే పళ్ల చక్రానికి దగ్గరగా బొటనవేలంత సెన్సర్. దాన్ని పట్టి ఉంచే చిన్న ఇనుప బ్రాకెట్ మడత దగ్గర విరిగిపోయింది. బండి స్టార్టు కాదు. షోరూంకి పోతే ఆ బ్రాకెట్ ఒక్కటి విడిగా రాదన్నారు, కవరు మొత్తం మార్చాలి, అది తెప్పించడానికి నెల పడుతుందన్నారు. అవతల మానుకోటలో, అదే మీరు మహబూబాబాద్ అంటారు, మా అమ్మ వాళ్ల మిరపకాయ కల్లంలో ఎండుతున్నది. మబ్బులు పడుతున్నాయి. ఆ కాయను వరంగల్ మార్కెట్టుకు చేర్చడానికి మా అమ్మకు మా ట్రాలీయే దిక్కు. అందుకని బండిని తాడుతో లాగించుకుని మేస్త్రి దగ్గరికి తెచ్చాము. నేను కూడా వెంట ఉన్నాను, అక్కడి నుంచే మానుకోట పోదామని.

విరిగిన ముక్కను తిప్పి తిప్పి చూసి, ముందు దాన్ని తిట్టాడు. "సూడు తమ్మీ, మడత దగ్గర మూల పెట్టిండ్రు. గుండ్రంగ ఒంచాలె. మూల పెడ్తే వణుకు అంత ఆడ్నే పడ్తది, ఆడ్నే తెగుతది."

"అతికియ్యరాదా మేస్త్రీ?" అన్నాడు మా ఆయన.

"అతికిస్తే మల్ల తెగుతది. కొత్తది చేస్త. నోరు మూస్కొని కూసో." తర్వాత నా వైపు తిరిగాడు. "బిడ్డా, పక్క హోటల్ల పూరీ పిండి అడిగి ముద్దంత తీస్కరా."

పాపం ఆకలేస్తున్నదేమో అనుకున్నాను. వట్టి పిండి ఏం తింటాడని, రెండు పూరీలు కూడా కాల్పించి, ఆకులో పెట్టి, ముద్ద పిండితో పాటు తెచ్చాను.

"పూరీలు ఎవలు అడిగిండ్రు?"

"తింటవని తెచ్చిన బాపూ."

"నీ మొగనికి పెట్టు. పిండి ఇటియ్యి."

ఆ పిండిని ఇంజినుకూ సెన్సర్‌కూ మధ్య, ఖాళీ ఉన్నచోటల్లా నొక్కాడు. గట్టిపడే దాకా ఆగి, చెక్కుచెదరకుండా బయటికి తీశాడు. బ్రాకెట్ ఎంత ఎత్తు ఉండాలో, ఎటు వంగాలో, ఆ పిండిముద్దలో అచ్చు పడింది. దాన్ని చూస్తూ ఎవరిదో పెళ్లి పత్రిక కత్తిరించాడు, మడిచాడు, ఇంజిను మీద పెట్టి చూశాడు, చింపేశాడు. రెండోది కత్తిరించి, అదీ చింపేశాడు. మూడోది కుదిరింది. అప్పుడు ఇనుప ప్లేటు తీసి, దాని మీద పత్రిక ముక్క పెట్టి సుద్దతో గీసి, రంపంతో కోశాడు. గ్యాసుతో కొయ్యొచ్చు, నిమిషం పని. కొయ్యలేదు. పైపు ముక్క చుట్టూ నెమ్మదిగా కొట్టి గుండ్రంగా వంచాడు. అంచులన్నీ ఆకురాయితో రాకి, వేలితో నిమిరి చూసుకున్నాడు.

హోళ్లు వేస్తూ మా ఆయనకు చెప్పాడు. "సూడు తమ్మీ, గా చక్రానికి పండ్లు ఉంటయి. సెన్సర్ ఆ పండ్లను లెక్కవెడ్తది. లెక్క మంచిగుంటెనే డీజిల్ ఎప్పుడు కొట్టాల్నో ఇంజినుకు తెలుస్తది. నాడి సూశే వైద్యుని వేలు అనుకో. ఒత్తద్దు, ఎడం గావద్దు. నడుమల ఇంకో ఇనుము రావద్దు. లెక్క తప్పితే ఇంజిను ఆడ్నే ఆగుతది."

నేను అక్కడే కూర్చుని విన్నాను. ఇంకో ఇనుము రావద్దు అన్నది ఈ చెవులతోనే విన్నాను.

ఒక హోలు గుండ్రంగా వేశాడు, ఒకటి పొడుగ్గా వేశాడు, జరుపుకోవడానికి. మూడోది చిన్నది, సెన్సర్ వైరును కట్టడానికి. తీరా బిగించాక చూస్తే వైరు అక్కడి దాకా అందలేదు. దాన్ని వేరే చోట కట్టి, "తూ" అని తనను తానే తిట్టుకున్నాడు. మూడో హోలు ఖాళీగా మిగిలింది. సెన్సర్‌కూ పళ్లకూ నడుమ పత్రిక ముక్కను రెండు మడతలు పెట్టి ఎడం చూశాడు. చేత్తో చక్రం ఒక చుట్టు పూర్తిగా తిప్పి, ఒక్కో పన్ను దగ్గర ఆగి మళ్లీ చూశాడు. చివరికి బల్ల కింద నుంచి ఒక ఎర్రటి గోళ్లరంగు సీసా తీశాడు. హోటలామె బిడ్డ దగ్గర అడిగి తెచ్చుకున్నదట. బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి ఒక సన్నటి గీత గీశాడు.

"గీ గీత సూస్కో. తెగితే బోల్టు కదిలినట్టు, నన్ను తిట్టు. తెగకపోతే తిట్టకు."

సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. ఆయన అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాము. చెయ్యి తీసి, "పోండ్రి" అన్నాడు. ఆ చెయ్యి వణికిందని అంటారు, విన్నారా? ఆ చెయ్యి.

మిరపకాయ తడవకుండా మార్కెట్టుకు చేరింది. మా అమ్మ సంతోషం చెప్పలేను. ఇక నేనేం చేశానో వినండి.

బళ్ల ముందు నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గు, నల్లజీడి కట్టడం మీరందరూ ఎరిగిందే. మా ట్రాలీ ముందు కూడా ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. అయినా లోపల విరిగింది. బయట కట్టింది లోపలికి పని చెయ్యడం లేదని నేనూ మా అమ్మా తీర్మానం చేశాము. విరిగిన చోటే కట్టాలన్నది మా అమ్మ. దారానికి కాదు, ఇనుప తీగకు గుచ్చాలి, ఇనుము లేకుంటే దిష్టి ఆగదు అన్నది. అమావాస్య పొద్దున మా ఆయన స్నానానికి పోయినప్పుడు సీటు లేపాను. చూస్తే, బ్రాకెట్ మీద చిన్న హోలు ఖాళీగా ఉన్నది. దీనికే వేశాడేమో అన్నట్టు ఉన్నది. నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన తీగను అందులో దూర్చి, మెలిపెట్టి, దండం పెట్టుకుని సీటు దించేశాను.

సీటు దించాక చేతులు కడుక్కుని అందరికీ చాయ పోశాను. అంత నిబ్బరంగా ఉన్నాను.

పదిహేను రోజులు బండి బాగానే తిరిగింది. ఇంజిను వేడికి కాయలు ఎండి రాలిపోయాయి, తీగ వదులై వేలాడింది. మా ఆయన, మా మరిది మానుకోట నుంచి ఖాళీ బండితో వస్తున్నారు. కల్వర్టు దగ్గర మలుపులో ఇంజిను టక్కున ఆగింది. స్టీరింగు బిగుసుకుంది. బండి రోడ్డు పక్క మోరీ కాలువలోకి దిగబడింది. మా ఆయనకు గీతలు పడ్డాయి. మరిదికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆ పిల్లవాడు కానిస్టేబుల్ పరీక్ష రాసి పాసయ్యాడు. ఇరవై రోజుల్లో పరుగు, దుముకుడు, ఇనుప గుండు విసిరే పోటీ. రోజూ తెల్లవారకముందే లేచి రోడ్డు మీద ఉరికేవాడు. కట్టు కట్టిన చెయ్యితో ఏం విసురుతాడు? ఆ ఉద్యోగం పోయింది. మా అత్తకు అతను కడగొట్టు కొడుకు, ప్రాణం. ఆమె ఏడుపు ఊరు దాటి వినపడింది.

మర్నాడు బండిని మా వాకిట్లోకి లాగి తెచ్చారు. ఎవరూ పిలవకుండానే మేస్త్రి వచ్చాడు, సంచీ భుజాన వేసుకుని. వాకిలి నిండా జనం. మా అత్త అడ్డం నిలబడి, "నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టినవ్, ఇంకేం ఇరగ్గొట్టనీకి వచ్చినవ్?" అంటున్నది. ఆయన ఆమెను తప్పించుకుని పోయి సీటు లేపాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"గీత తెగలే," అన్నాడు మా ఆయనతో. "ఇటొచ్చి సూడు తమ్మీ. గీత ఎట్లున్నది గట్లనే ఉన్నది."

మా ఆయన చూశాడు. గీత తెగలేదు. మేస్త్రి చెయ్యి లోపలికి పెట్టి, చక్రం పళ్లకు ఒరుసుకుని మెరుస్తున్న తీగ ముక్కను తీశాడు. దాని కొసకు నల్లజీడి గింజ ఇంకా ఉన్నది.

"గిది ఎవలు కట్టిండ్రు?"

మా ఆయన నన్ను చూశాడు. తన తల్లిని చూశాడు. ఆ తీగ అర్థం ఆయనకు అప్పుడే తెలిసింది. "మాకు తెల్వదు," అన్నాడు.

ఆ ఇంట్లో ఆ రోజు నా పేరు బయటికొస్తే మా అత్త నన్ను గడపలో ఉండనిచ్చేది కాదు. అది నిజమే. అందుకే అబద్ధమాడానని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నేను నోరు తెరిచి నిజం చెప్పొచ్చు కదా. తెరవలేదు. నేల చూస్తూ నిలబడ్డాను.

మేస్త్రి తీగను పిడికిట్లో మూశాడు. ఆయన మొహం నల్లబడింది. నన్ను చూశాడు, ఆయనకు అడగవలసిన అవసరం లేకపోయింది. ఆ పిడికిలి ఎత్తి అందరికీ చూపిస్తాడనుకున్నాను. చూపించాల్సింది. నేనైతే చూపించేదాన్ని.

"హోలు నాది," అన్నాడు. "ఖాళీ హోలు ఇడిశిపెట్టింది నేను. ఖాళీ ఉంటే ఎవలో ఏదో కడ్తరు. అది పనోడు ముందుగాల సూస్కోవాలె. తప్పు నాది."

ఆయన చెప్పింది అంత. జనం విన్నది చివరి రెండు మాటలు. తప్పు ఒప్పుకున్నాడట అని సాయంత్రానికి ఘన్‌పూర్ అంతా పాకింది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వస్తే చెంబుతో నీళ్లు నేనే పోశాను. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు తిట్టాడు. గొంతు లేపకుండా తిట్టాడు, నా జన్మలో ఎవరూ అట్లా తిట్టలేదు.

"ఇంకో ఇనుము రావద్దని చెప్పిన. ఇన్నవా లేదా?"

"ఇన్న బాపూ."

"ఇని సుత కట్టినవ్. నా పని మీద నమ్మకం లేకపోతే ఆ పొద్దే నా మొఖం మీద చెప్పాలె. వెనుకంగ వచ్చి కట్టుడేంది? నేను పెట్టిన దానికి నీ నిమ్మకాయ కాపలానా?"

నేను ఏడిస్తే, "ఏడ్వకు. నీళ్లు సక్కగ పొయ్యి," అన్నాడు.

ఇక తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు పళ్లు పటపటమంటాయి. మేస్త్రికి వయసయిందన్నారు. చెయ్యి వణుకుతుందన్నారు. ఎవరు మొదట అన్నారో తెలియదు, నెలలో అందరూ అన్నారు. ఆయన చేసిన పట్టీలు తమ ట్రాక్టర్లకు వేసుకుని, ఆ ట్రాక్టర్ల మీదే కూర్చుని ఆ మాట అన్నారు. ఆయన కావాలనే మా బ్రాకెట్‌ను మార్చలేదు. ఆ రోజు పోయే ముందు మూడో హోలును ఒక బోల్టు పెట్టి మూసి, మిగతాది విప్పకుండా అట్లాగే ఉంచి పోయాడు. అదే బ్రాకెట్‌తో మా బండి నేటికీ తిరుగుతున్నది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేము చెప్పలేదు. ఏడాది తిరగకముందే షెడ్డుకు తాళం పడింది. రేకులు విప్పుకుని భూపాలపల్లిలో బిడ్డ ఇంటికి పోయాడు.

మధ్యలో ఒక్కసారి కనపడ్డాడు. కార్తీకంలో కాళేశ్వరం పోయాము. గోదావరి మెట్ల మీద తడి బట్టలు పిండుతుంటే, పక్కన అరటిపండ్లు బేరమాడుతున్న గొంతు విని తిరిగి చూశాను. బాగా చిక్కిపోయాడు. నేను కుడిపక్కకు పోయి నిలబడ్డాను, వినపడాలని.

"గీత ఉన్నదా?" అన్నాడు, బాగున్నావా అనకుండా.

"ఉన్నది బాపూ. తెగలే." ఇక ఆగలేక, "బాపూ, ఆ పొద్దు నేను—" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్?" అని కోపానికొచ్చాడు. "నాకు తెల్వదా? తెల్వనోళ్లకు చెప్పుపో."

అరటిపండ్లామె వైపు తిరిగి, పండ్లు మెత్తబడ్డాయని ఆమెతో కొట్లాటకు దిగాడు. నేను తడి బట్టలు పట్టుకుని వచ్చేశాను. తెలియనివాళ్లు నా ఇంట్లోనే ఉన్నారు. రోజూ వాళ్లకు అన్నం వడ్డిస్తున్నాను. ఆ రాత్రి కూడా వడ్డించాను, చెప్పలేదు. ఆయన మీద నాకు కోపం ఎందుకుండకూడదు చెప్పండి. ఆ పిడికిలి ఆ రోజే తెరిచి ఉంటే నా పని అయిపోయేది. తెరవకుండా నా మీద వదిలిపెట్టాడు. వదిలిపెడితే మోసే మనిషిని కాదు నేను, అది ఆయన లెక్క చూసుకోలేదు.

బోల్టుల దుకాణం నుంచి వచ్చిన వారానికి ఆయన దినాలు. ఎవరికీ చెప్పకుండా పరకాల మీదుగా బస్సులు మారి భూపాలపల్లి పోయాను. ఆయన బిడ్డకు నా వయసే ఉంటుంది. వాకిట్లో భోజనాల బంతులు లేస్తున్నాయి. ఆమెను గోడవారకు పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పాను. తీగ, హోలు, పిడికిలి, అన్నీ. మీద పడి కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకున్నాను.

ఆమె చేతిలోని సాంబారు బకెట్టు కింద పెట్టలేదు.

"నాకు ఎరికే," అన్నది. "నాయిన చెప్పిండు."

"నన్ను ఏమన్నడు?"

"బగ్గ తిట్టిండు. బతికినన్నాళ్లు తిట్టిండు." "ఈడికెందుకొచ్చినవ్ అక్కా? ఈడ మా నాయిన పేరు మంచిగనే ఉన్నది. లారీలోళ్లు ఇంటికొచ్చి పని చేయించుకుని పోయేటోళ్లు. పేరు పోయింది మీ ఊర్ల. ఈడ ఏడ్సి ఏం లాభం? ఆడ చెప్పుపో."

"చెప్త."

"ఏడేండ్ల సంది చెప్పలే. ఇప్పుడు చెప్తవా?"

ఆమె బకెట్టు మార్చుకుని వంకాయ కూర వడ్డించడానికి పోయింది. నన్ను బంతిలో కూర్చోమని ఆమె అనలేదు. నేనూ కూర్చోలేదు.

ఇంటికొచ్చేసరికి అందరూ అన్నాల దగ్గర ఉన్నారు. నిలబడే చెప్పాను. మా మరిది ఇప్పుడు రైసు మిల్లులో తూకం కాంటా దగ్గర పనిచేస్తున్నాడు. ముద్ద చేతిలో పట్టుకుని మొత్తం విన్నాడు.

"అన్నకు తెల్సా?" అన్నాడు.

"తెల్సు."

"ఏనాటి సంది?"

"ఆ పొద్దు సంది."

కంచంలో చెయ్యి కడిగి లేచిపోయాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఈనాటి దాకా మాట్లాడుకోవడం లేదు. మా అత్త, "ఏడేండ్లు ఆ ముసలోన్ని నా నోటితోని తిట్టిచ్చినవ్," అన్నది. ఆమె పొయ్యి వేరే పెట్టుకున్నది. మా ఆయన మాత్రం అరిచాడు. "సచ్చినోడు సచ్చిండు. ఉన్న ఇంట్ల నిప్పు పెడ్తవా? ఎవలు అడిగిండ్రు నిన్ను?"

"ఎవలు అడగలే. ఏడేండ్లల్ల ఒక్కలు సుత అడగలే. గదే నా కోపం," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఘన్‌పూర్ పోయాను. ఆ స్పేర్ పార్టుల దుకాణంలో నలుగురు గిరాకీలు ఉన్నారు, ఒక ట్రాక్టర్ మెకానిక్ కూడా ఉన్నాడు. మంచిదే అనుకున్నాను.

"మల్ల బోల్టులు గావాల్నా అక్కా?" అన్నాడు అతను.

"వద్దు. మేస్త్రి చెయ్యి వణకలే. ట్రాలీ ఆగింది నేను బ్రాకెట్‌కు ఇనుప తీగ కట్టినందుకు. తప్పు నాది."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. మెకానిక్‌కు అయింది. తీగ ఎటు నుంచి ఎటు పోయిందని అడిగాడు, చెప్పాను. "అవ్, గట్లయితే ఆగుతది," అన్నాడు నెమ్మదిగా.

దుకాణం అతను తల గోక్కున్నాడు. "గీ ముచ్చట ఇప్పుడెందుకక్కా? ఆయన పోనే పాయె."

"నువ్వు నవ్వినవ్ గదా," అన్నాను. "అందుకు."

అతను తల దించుకుని తక్కెడలో మేకులు పోశాడు. ఎవరూ నవ్వలేదు. నేను మెట్లు దిగి, పక్కనున్న టైర్ల దుకాణంలోకి పోయాను. అక్కడి నుంచి హోటల్లోకి, హోటల్ నుంచి డీజిల్ బంకుకు. నిన్నటికి రోడ్డుకు కుడిపక్కంతా అయింది. రేపు ఎడమ పక్క మొదలుపెడతాను.

విన్నారు కదా. ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ బండ్లు మలుపుల్లో ఆగకుండా తిరగాలి. మీ ఇంట్లో ఎవరిదైనా ఒక తప్పు ఉంటే, దాన్ని మోసే మనిషి బతికుండగానే అది నోటికి రావాలి. మీ పిల్లల చేతులు గట్టిగా ఉండాలి, ఆ చేతుల పని మీద మీకు నమ్మకం ఉండాలి. చెప్పులు చూసుకుని వేసుకోండి, గడప దగ్గర చీకటిగా ఉంది. మీ వాళ్లంతా మీకోసం ఎదురుచూస్తుండాలి, మీరు వెళ్లేసరికి మీ పొయ్యి ఒక్కటిగానే వెలుగుతుండాలి.